పొరుగురాజ్యమునకు సాయము

పొరుగురాజ్యముపై పరులు దండెత్తినప్పుడు, దానితో పాతపగ గల రాజు సాయమునకు సేనను పంపవలెనా? పంపవలెననియే మేము తలంచుచున్నాము. మనము చదువుకొనుచున్న ఈ యలహంక నాడు ఒకప్పుడు హొయసల రాజ్యములోనిది. ఆ రాజ్యపు చరిత్రయే మాకు సాక్ష్యము.

1309లో మాలిక్ కాఫర్ ఓరుగల్లుపైకి పోవుచుండగా దేవగిరి రామచంద్రుడు వాని సైన్యమునకు తోడ్పడెను. 1311లో హొయసల మూడవ బల్లాలుడు, అన్నదమ్ముల తగవులో నున్న పాండ్యదేశముపై కన్నువేసి అటు పోయియుండగా, తన ద్వారసముద్రమునకే వంతు వచ్చెను. లొంగిపోయి, ఆ కాఫర్‌కే పాండ్యదేశమునకు దారి చూపవలసిన వాడయ్యెను. నలుగురును చెడిరి.

1323లో ఓరుగల్లు పడిపోయెను. పిమ్మట కాపయనాయకుడు సాయమర్థింపగా ఈ బల్లాలుడే సేనను పంపెనని ఫెరిష్తా వ్రాసెను. 1336 ప్రాంతమున ఓరుగల్లు విడుదల యయ్యెను. తెలుగు కోటకై కన్నడ సేన పోరినదన్నమాట! ఇందు స్వార్థము లేదా? కలదు. ఓరుగల్లు నిలిచిన తన రాజ్యమునకును కాపు. అంతమాత్రమున సాయము సాయము కాకపోదు.

సాయమునకు వచ్చినవాడు తిష్ఠవేయునేమో యని పెద్దలు కొందరు శంకింతురు. ఆ శంక త్రోసిపుచ్చదగినది కాదు. పిలిచినగాని పోరాదు, పని తీరినవెనుక నిలువరాదు. ఓరుగల్లును తరువాత ఏలినది కాపయయే గాని బల్లాలుడు కాదు. 1971 డిసెంబరులో బంగ్లాదేశమున పోరిన మన సేనయు 1972 మార్చిలో మరలి వచ్చెను.