అందని చోట ఆవిరి నష్టం

తూకం దగ్గర పది కిలోలు తేడా వస్తే చెరకు రైతు ఊరుకోడు, తగాదా పడతాడు. అదే ఫ్యాక్టరీలో, ఇరవై అడుగుల ఎత్తున, రోజూ వందల కిలోల పిప్పి వృథాగా గాలిలో కలుస్తున్నా అడిగే నాథుడుండడు.

చక్కెర ఫ్యాక్టరీకి ప్రాణం ఆవిరి. పిప్పిని బాయిలరులో కాల్చి పుట్టించే ఈ ఆవిరితోనే యంత్రాలు తిరుగుతాయి, రసం కాగుతుంది. గొట్టాలలో పోతూ పోతూ కొంత ఆవిరి చల్లబడి నీరవుతుంది. ఆ నీటిని బయటకు వదిలి, ఆవిరిని మాత్రం ఆపే చిన్న సాధనమే స్టీమ్ ట్రాప్. ఇది మూసుకుపోతే నీరు నిలిచి, ఆవిరి తోపుకు సమ్మెటలా కొట్టి గొట్టాలను పగలగొట్టగలదు. తెరుచుకుపోతే ఆవిరంతా నీటితోపాటే పోతుంది. చదరపు అంగుళానికి 150 పౌన్ల పీడనంలో అంగుళంలో ఎనిమిదో వంతు రంధ్రం చాలు, గంటకు సుమారు 34 కిలోల ఆవిరి పోవడానికి. కిలో పిప్పికి రెండు కిలోల ఆవిరి చొప్పున లెక్కవేస్తే, రోజుకు 400 కిలోల పిప్పి దండుగ. టన్నుకు పైగా చెరకు ఆడితే గానీ అంత పిప్పి రాదు. ఇది ఒక్క ట్రాప్ సంగతి.

మూడు నుంచి అయిదేళ్లు ఆలనాపాలనా లేకపోతే నూటికి 15 నుంచి 30 ట్రాపులు చెడి ఉండవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. చేతికందే వాటిని ఫిట్టరు చూస్తాడు. పైనున్న వాటిని చూడాలంటే నిచ్చెన వేసి, కాలే గొట్టాల మధ్య ప్రాణాలకు తెగించాలి. అందుకే అవి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. ఎత్తున పనిచేసేవారు పడిపోకుండా రక్షణ కల్పించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. కనుక తప్పు ఫిట్టరుది కాదు.

దీనికి ఉపాయం లేకపోలేదు. గొట్టం వేడిని, చెవికి వినిపించని ఆవిరి చప్పుడును పసిగట్టి, తీగ లేకుండానే కింది గదికి కబురు పంపే చిన్న పరికరాలు వచ్చాయి. వేడి ఒక్కటే చూస్తే చాలదు. మూసుకుపోయిన ట్రాప్ చల్లబడి దొరికిపోతుంది గానీ, తెరుచుకుపోయినది మంచిదానిలాగే వేడిగా ఉంటుంది. దాన్ని పట్టించేది చప్పుడే. అన్నిటికీ ఒకేసారి పెట్టనక్కరలేదు. ఎక్కువ పీడనం ఉండి, మనిషి చేరలేని చోట్ల ముందు పెడితే చాలు. గానుగ ఆగిన నెలల్లో, వీలున్న ట్రాపులను చేతికందే ఎత్తుకు దింపనూవచ్చు. ప్రతి ట్రాపుకూ ఒక నెంబరు, రిజిస్టరులో ఒక వరుస ఉండాలి.

మిగిలిన పిప్పి అమ్ముడుపోయే సరుకు. కాగితం మిల్లులు కొంటాయి, దానితో కరెంటూ పుట్టించవచ్చు. సహకార ఫ్యాక్టరీలలో రైతులే వాటాదార్లు. ఈసారి మహాజన సభలో బకాయిల మాటతోపాటు ఇంకొక మాట కూడా అడగాలి: పైనున్న ట్రాపులెన్ని? వాటిని చివరిసారి చూసిందెప్పుడు? రిజిస్టరు చూపమంటే యాజమాన్యం చూపగలగాలి.