చట్టం ఎవరికి సంకెల?

అపరాధ పరిశోధక కథల మీద విమర్శ రాయటం మన పత్రికలకు అలవాటు లేదు. అవి సాహిత్యం కావు, కాలక్షేపం. కాలక్షేపం మీద సిరా ఖర్చు చేయటం దేనికి అన్న చిన్నచూపు మనలో ఉన్నది. ఈ చిన్నచూపు తగదని నా అభిప్రాయం. పగలు విప్లవ కవిత్వం చదివే విద్యార్థి కూడా రాత్రి పదకొండు గంటలకు చూసేది హంతకుల కథనే. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివు యుగంధర్ ఒకనాడు తెలుగు పాఠకుణ్ణి ఎంతగా పట్టుకున్నాడో, ఈనాటి తెర అంతకు మించి పట్టుకున్నది. పోలీసంటే ఏమిటో, చట్టమంటే ఏమిటో, నేరమంటే ఏమిటో జనం మనసుల్లో నిర్ణయిస్తున్న కథను విమర్శకుడు పట్టించుకోకపోతే, ఇక అతడు పట్టించుకునేది దేన్ని?

అందుకే 'లూథర్' అనే ఇంగ్లీషు సీరియలును తీసుకుంటున్నాను. ఇది 2010లో బి.బి.సి.లో ప్రారంభమై 2019 దాకా ఐదు విడతలుగా, ఇరవై భాగాలుగా వచ్చింది. 2023లో నెట్‌ఫ్లిక్స్ సినిమాగా కొనసాగింది. రచయిత నీల్ క్రాస్. లండను పోలీసు డిటెక్టివు జాన్ లూథర్‌గా ఇద్రిస్ ఎల్బా నటించాడు. వరుసహత్యలు చేసే ఉన్మాదులను వేటాడటం లూథర్ పని. నిబంధనలను కాలరాయటం అతని పద్ధతి. ఎల్బా నటన గొప్పదనటానికి నాకేమీ అభ్యంతరం లేదు. చేతగానివాడు చెప్పిన అబద్ధం ఎవరినీ చెడగొట్టదు. చేతనైనవాడు చెప్పినదాన్నే మనం గీటురాయి మీద పెట్టాలి.

మొదటి భాగంలోని మొదటి ఘట్టమే సీరియలు మొత్తానికి పునాది. పిల్లలను ఎత్తుకుపోయి చంపే హెన్రీ మాడ్సెన్‌ను లూథర్ ఒక పాడుబడిన ఫ్యాక్టరీలోకి తరుముతాడు. వాడు ఎత్తున పట్టు తప్పి వేలాడుతుంటాడు. చివరగా ఎత్తుకుపోయిన పాపను ఎక్కడ దాచాడో వాడిచేతనే చెప్పించి, పాప బతికే ఉన్నదని తెలుసుకున్న తర్వాత కూడా లూథర్ చెయ్యి అందించడు. వాడు పడిపోతాడు. చూసేవాడు అమ్మయ్య అనుకుంటాడు. గమనించండి: పాప అప్పటికే దక్కింది. వాడు పడిపోవటం వల్ల కొత్తగా ఎవరి ప్రాణమూ నిలవలేదు. అక్కడ జరిగింది శిక్ష, విచారణ లేని శిక్ష.

ఆ శిక్షకు మనచేత తల ఊపించటానికి రచయిత వాడిన సాధనం ఒకటున్నది. పాత డిటెక్టివు నవలలో హంతకుడెవరో చివరిదాకా తెలియదు. పాఠకుడు ప్రతివాణ్ణీ అనుమానించాలి, ఆధారాలు తూచి చూసుకోవాలి, ఆఖరుకు తన ఊహ తప్పని ఒప్పుకోవాలి. 'లూథర్' కథలు చాలావాటిలో హంతకుణ్ణి మనకు ముందే చూపిస్తారు. హత్య మన కళ్ళ ఎదుటే జరుగుతుంది. అంతా చూసిన తర్వాత ఇక సాక్ష్యమెందుకు? వారంటు ఎందుకు? ప్లీడరు ఎందుకు? అన్నీ అడ్డంకులుగానే కనపడతాయి. మనకు దేవుడి కళ్ళు ఇచ్చి, మనిషి చేసుకున్న చట్టాన్ని వెక్కిరించటమే ఈ కథనంలోని కిటుకు. నిజజీవితంలో ఏ పోలీసుకూ ఆ కళ్ళు లేవు. సాక్ష్యం, విచారణ, అప్పీలు ఇవన్నీ హత్యను కళ్ళారా చూడని మనుషులు తప్పు మనిషిని ఉరికంబం ఎక్కించకుండా ఉండటానికి ఏర్పడ్డాయి. వాటిని పాలకులు దానమివ్వలేదు; లాఠీ దెబ్బలు తిన్నవాళ్ళు పోరాడి తెచ్చుకున్నారు.

"లూథర్ సుఖపడలేదు కదా! భార్య జో హత్యకు గురైంది, సహచరుడు రిప్లీ చనిపోయాడు. రచయిత అతన్ని సమర్థించటం లేదు" అని కొందరు మిత్రులు వాదిస్తారు. వాదంలో కొంత బలమున్నది. కాని ఆ కష్టాలన్నీ నాయకుణ్ణి త్యాగమూర్తిని చేయటానికే పనికివచ్చాయి. 2023 సినిమాలో తన అక్రమాలకుగాను జైలుపాలైన లూథర్, జైలు నుంచి తప్పించుకుపోయి హంతకుణ్ణి పట్టుకుంటాడు. అంటే అతని నేరానికి పడిన శిక్ష కూడా అతను దూకవలసిన మరొక గోడ మాత్రమే! 2013లో వచ్చిన మూడవ విడత మరీ విచిత్రం. అందులో భార్యను హంతకుడి చేతిలో పోగొట్టుకున్న మార్వుడ్ అనేవాడు, నేరస్థులను తానే చంపబూనుతాడు. అది తప్పని లూథర్ అడ్డం నిలుస్తాడు. సరే, మరి మాడ్సెన్ మాటేమిటి? పౌరుడు చేస్తే హత్య, పోలీసు చేస్తే సాహసమా? ఈ నీతి పేరు న్యాయం కాదు, సర్కారు కొలువుకు దండం పెట్టటం.

అసలు వరుసహంతకులు నిబంధనల చాటున దాక్కుంటున్నారా? ఇంగ్లండు చరిత్రనే అడుగుదాం. పీటర్ సట్‌క్లిఫ్ 1975, 1980 సంవత్సరాల మధ్య 13 మంది స్త్రీలను చంపాడు. పోలీసులు అతన్ని తొమ్మిదిసార్లు ప్రశ్నించి వదిలేశారు. ఏ చట్టమూ వాళ్ళ చేతులు కట్టెయ్యలేదు. చనిపోయినవారిలో పలువురు ఒళ్ళమ్ముకుని బతికే పేద స్త్రీలు కావటం, వాళ్ళను ఒక లెక్క, తక్కిన 'అమాయక' స్త్రీలను ఒక లెక్క చూడటం వాళ్ళ కళ్ళు కట్టేశాయి. దర్యాప్తు పెద్ద ఒక బూటకపు టేపులోని గొంతును నమ్మాడు. ఆ యాస లేనివాళ్ళు అనుమానం నుంచి జారిపోయారు. చావు తప్పించుకున్న స్త్రీలు చెప్పిన ఆనవాళ్ళకు విలువ లేకపోయింది. చివరికి 1981 జనవరిలో షెఫీల్డులో మామూలు గస్తీ పోలీసులు, కారు నంబరు పలక దొంగదని గుర్తించి అతన్ని పట్టుకున్నారు. 2014, 2015లలో తూర్పు లండనులో స్టీఫెన్ పోర్టు నలుగురు స్వలింగ ప్రియ యువకులను చంపినప్పుడు, చనిపోయినవారి ఆప్తులు మొత్తుకున్నా పోలీసులు వినలేదు. వాళ్ళ వైఫల్యాలు ముగ్గురి చావుకు బహుశా దోహదం చేశాయని 2021లో జ్యూరీ తేల్చింది. లండను పోలీసు శాఖలో వర్ణవివక్ష సంస్థాగతంగా ఉన్నదని 1999లో మాక్ఫర్సన్ నివేదిక చెప్పింది. ఆ శాఖలోనే పనిచేసే నల్లజాతి అధికారి కథ ఇరవై భాగాలు నడిచినా, ఆ ఊసు దాదాపు రానే రాదు.

ఈ లూథర్ 2022లో 'రుద్ర'గా బొంబాయి వచ్చాడు. అజయ్ దేవగణ్ నటించిన ఆ హిందీ సీరియలు తెలుగు మాటలతోనూ మన ఇళ్ళలోకి వచ్చింది. మన గడ్డ మీద ఆ కథకు అర్థం వేరు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక యువతిపై జరిగిన ఘోరమైన అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురిని పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషను 2022లో తేల్చింది. ఆ పూలు చల్లిన చేతులను నేను తిట్టను. ఆ యువతి కోసం వాళ్ళు పడిన దుఃఖం నిజమైనది. కాని తుపాకి మోత వింటే న్యాయం జరిగినట్టేనని వాళ్ళకు ఏళ్ళ తరబడి నేర్పిన కథలను తిట్టకుండా ఉండలేను.

నిఠారీని కూడా గుర్తు చేసుకోండి. ఢిల్లీ పక్కన నోయిడాలో పేదల పిల్లలు ఒక్కొక్కరే మాయమవుతుంటే తల్లిదండ్రులు స్టేషను చుట్టూ తిరిగారు. పట్టించుకున్న నాథుడు లేడు. 2006 డిసెంబరులో ఒక ఇంటి వెనుక మురుగుకాలువలో ఎముకలు బయటపడ్డాయి. 2023లో అలహాబాదు హైకోర్టు నిందితులిద్దరినీ నిర్దోషులని వదిలింది. సుమారు అరవై రోజులు పోలీసు కస్టడీలో ఉంచి, న్యాయసహాయమైనా సరిగా ఇవ్వకుండా తీసుకున్న ఒప్పుకోలు చెల్లదన్నది. 2025లో సుప్రీంకోర్టూ ఆ విడుదలనే ఖాయం చేసింది. మరి పిల్లలను చంపిందెవరు? నిబంధనలను తొక్కిన దర్యాప్తు, ఆ తల్లులకు ఆ జవాబు కూడా దక్కకుండా చేసింది.

ఈ సీరియళ్ళను చూడవద్దని నేను చెప్పటం లేదు. నిషేధాలు మన దారి కాదు. ఉపాధ్యాయ మిత్రులు వీటిని తరగతి గదిలోకి తీసుకురావాలి. హంతకుడెవరో మనకు ముందే తెలియకపోతే ఈ ఘట్టాన్ని మెచ్చుకునేవాళ్ళమా అని విద్యార్థులను అడగాలి. మన రచయితలు కూడా ఈ రంగాన్ని వ్యాపారులకు వదిలిపెట్టకూడదు. బిడ్డ కనపడటం లేదని వచ్చిన కూలితల్లిని బెంచీ మీద గంటల తరబడి కూర్చోబెట్టి, ఫిర్యాదు రాసుకోకుండా పంపేసిన స్టేషను రైటరు కథ ఎవరైనా రాయండి. ఉత్కంఠకు అందులో కొదవ ఉండదు. హంతకుడికి రెండవ బిడ్డ దొరికింది ఆ బెంచీ దగ్గరేనని పాఠకుడికి తెలియాలి.