పాట ఋణం

పాటకు ప్రాణం గొంతులో ఉంటుంది. ఒక గొంతు మూగబోతే అది మరొక గొంతును వెదుక్కుంటుంది. ఒకరు పాడి రికార్డు చేసిన పాటను మరొకరు తమదైన రీతిలో పాడి తిరిగి రికార్డు చేస్తే దానిని ‘కవర్ వెర్షన్’ అంటారు. అది కేవలం అనుకరణ అని చిన్నచూపు చూసేవారున్నారు. అమెరికాలో పుట్టిన ‘లూయీ లూయీ’ అనే రాక్ అండ్ రోల్ పాట చరిత్ర తెలిస్తే ఆ అభిప్రాయాన్ని మార్చుకోక తప్పదు. అయితే ఆ చరిత్ర మనకొక హెచ్చరిక కూడా చేస్తుంది.

లాస్ ఏంజిల్స్‌లో పెరిగిన నల్లజాతి గాయకుడు రిచర్డ్ బెర్రీ ఈ పాటను రచించి, పాడి, 1957లో విడుదల చేశాడు. దూరానున్న ప్రేయసిని చేరుకోవాలని తపించే ఒక నావికుడు మద్యశాలలో లూయీ అనే వ్యక్తికి తన మనసు విప్పి చెప్పుకోవడమే ఇందులోని ఇతివృత్తం. పాటకు కొంత ఆదరణ లభించినా దేశవ్యాప్తమైన కీర్తి రాలేదు. పెళ్లి ఖర్చులకు డబ్బు అవసరమై బెర్రీ ఈ పాట హక్కులను మరికొన్ని పాటలతో కలిపి 750 డాలర్లకు అమ్ముకున్నాడు.

1963లో పోర్ట్‌లాండ్ నగరానికి చెందిన కింగ్స్‌మెన్ అనే యువ బృందం ఈ పాటను మళ్లీ రికార్డు చేసింది. అందులో మాటలు స్పష్టంగా వినబడవు. గిటారు వాదన ముగిశాక గాయకుడు తొందరపడి గొంతెత్తి, పొరపాటు గ్రహించి ఆగిపోవడం కూడా వినిపిస్తుంది. అయినా ఆ ఉత్సాహం యువతను ఉర్రూతలూగించింది. పాట బిల్‌బోర్డ్ పట్టికలో రెండవ స్థానానికి చేరింది. మాటలు అర్థం కాని పెద్దలు అందులో అశ్లీలం ఉందని ఫిర్యాదు చేశారు. ఎఫ్.బి.ఐ. విచారణ జరిపి, ఏ వేగంతో వినిపించినా మాటలు బోధపడటం లేదని తేల్చింది. బెర్రీ పాడిన మూలాన్ని శ్రద్ధగా విన్నవారికి ఆ సందేహమే కలగదు. మూలాన్ని మరచిన చోటనే అపోహ పుడుతుంది.

ఆ తరువాత ఓటిస్ రెడ్డింగ్, బీచ్ బాయ్స్, మోటర్‌హెడ్ మొదలైన ఎందరో ఈ పాటను పాడారు. 1983లో కాలిఫోర్నియాలోని ఒక కళాశాల రేడియో కేంద్రం 63 గంటలపాటు ఎడతెగక ఈ ఒక్క పాట రూపాలనే వినిపించింది. ఇంతమందిని ఆకర్షించిన పాటను అనుకరణ అని ఎలా తీసివేయగలం? ప్రతి గాయకుడూ అందులో తన కాలాన్ని, తన స్వభావాన్ని నింపాడు.

కాని పాటను పుట్టించినవాని సంగతేమిటి? లోకమంతా తన పాట మారుమోగుతుండగా బెర్రీ పేదరికంలో బతికాడు. 1980వ దశకం మధ్యలోగాని న్యాయవాది సహాయంతో తన హక్కులను తిరిగి పొందలేకపోయాడు. 1997లో మరణించాడు.

త్యాగరాజ కీర్తనను ఎవరు పాడినా చివరి చరణంలో ఆయన ముద్ర పలకక తప్పదు. క్షేత్రయ్య పదంలో ‘మువ్వగోపాల’ అనే ముద్ర అటువంటిదే. మన పెద్దలు కర్త గుర్తును పాటలోనే పదిలపరచారు. ఆధునిక గీతాలకు అటువంటి ముద్ర లేదు. పైగా ముద్ర పేరును నిలుపుతుందే గాని కడుపు నింపదు. అందుకు చట్టం కావాలి. సినిమాలలోను, రికార్డులలోను వాడిన పాటల రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను హక్కులు కొన్నవారికి పూర్తిగా వదులుకోకుండా, 2012లో సవరించిన మన కాపీరైట్ చట్టం రక్షణ కల్పిస్తున్నది. ఇది హర్షించదగిన మార్పు.

చట్టం తన పని తాను చేస్తుంది. మన పని మరొకటి ఉంది. కళాశాల వార్షికోత్సవంలో ఒక పాట పాడబోయే ముందు దాని రచయిత పేరు, స్వరకర్త పేరు సభకు చెప్పడానికి అర నిమిషం చాలు. పరుల పాట పాడటం తప్పు కాదు. వారి పేరు మరవడం తప్పు. పాటను ప్రేమించేవారు ఆ ఋణాన్ని కూడా ప్రేమతోనే తీర్చుకోవాలి.