ట్యాంకరులో ఏముందో చెప్పండి!

షేక్‌పేట, ఫిల్మ్‌నగర్, బోరబండ ప్రజలారా!

2025 జులై 13 తెల్లవారుజామున తమిళనాడులోని తిరువళ్ళూరు దగ్గర డీజిల్ గూడ్సు పట్టాలు తప్పి అంటుకుంది. 18 ట్యాంకర్లు కాలిపోయాయి. డీజిల్ కాబట్టి పొగ చూసి జనం పరుగెత్తారు. అదే అమ్మోనియా అయితే?

షేక్‌పేటకు రైలే లేదుగా అనేవాళ్ళున్నారు. బోరబండ పట్టాలు ఎంత దూరం? పాత ముంబయి రోడ్డు ఎవరి గుమ్మం ముందుంది? ఇక చాలు ఆ మాట.

అసలు సంగతి సైరన్. 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురాన్ని కమ్మేసింది. 12 మంది పోయారు. ఆ ఫ్యాక్టరీలో సైరన్ మోగించే మీటలు 36 చోట్ల ఉన్నాయని ప్రభుత్వ కమిటీయే తేల్చింది. ఒక్కటీ నొక్కలేదు. ముప్పై ఆరు! నిద్రలోంచి లేచినవాళ్ళు ఎటు పోవాలో తెలీక పరుగెత్తి రోడ్డుమీదే కూలిపోయారు. గాలికి అడ్డంగా పోండని చెప్పే దిక్కు లేదు.

1996లోనే కేంద్రం రసాయన ప్రమాదాల నియమాలు తెచ్చింది. జిల్లా క్రైసిస్ గ్రూపు 45 రోజులకోసారి కూర్చోవాలి, ఏటా మాక్‌డ్రిల్ జరపాలి, అడిగినవాళ్ళకు సమాచారమివ్వాలి. అధ్యక్ష పీఠం కలెక్టరుదే. మన బస్తీలో ఆ డ్రిల్లు చూసినవాళ్ళుంటే చెయ్యెత్తండి! ఇది మరుపు కాదు, మనమంటే లెక్కలేనితనం. క్లోరిన్ ట్యాంకరు పగిలితే? ఆ వాయువు గాలికన్నా బరువు, పల్లానికి దిగుతుంది. గుట్టమీద బంగళావాళ్ళు కారెక్కి పోతారు. పల్లంలో ఉన్నవి మన రేకుల ఇళ్ళు.

ట్యాంకరు మీది పలకపై నాలుగంకెలుంటాయి. 1005 అమ్మోనియా, 1017 క్లోరిన్, 1075 వంటగ్యాసు, 1203 పెట్రోలు. ఫోనులో ఆ అంకెలు చెబితే ఫైరువాళ్ళు ఏ సరంజామాతో రావాలో బయల్దేరకముందే తేల్చుకుంటారు. ఏ ట్యాంకరులో ఏముందో బయటపెడితే భద్రతకు ముప్పట! ట్యాంకరు మీదే రాసి ఉన్నది రహస్యమెలా అవుతుంది?

1984లో విషవాయువు కమ్మిన రాత్రి భోపాల్ స్టేషన్లో రైల్వే ఉద్యోగి గులాం దస్తగీర్ నిండు రైలును వేళకు ముందే పంపించి ప్రాణాలు నిలిపాడు. ఆయనను ముందుగా హెచ్చరించినవాళ్ళు లేరు. ఆ కథ ఓటీటీలో చూసి కన్నీళ్ళు పెట్టుకున్నాం. హీరో దొరికేదాకా ఆగడం ఫిల్మ్‌నగర్‌లో చెల్లుతుంది, బస్తీలో చెల్లదు.

బోరబండ, హైటెక్ సిటీ స్టేషన్లలో, ప్రతి బస్తీలో సైరన్ పెట్టాలి. ట్యాంకరు పలకల అంకెలు, 101, 112 ఫోన్ నంబర్లు తెలుగు, ఉర్దూ బోర్డులపై రాయాలి. తేదీ ముందే చాటించి, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు సహా అందరితో డ్రిల్లు చేయించాలి. 45 రోజుల్లో కలెక్టరు జవాబివ్వాలి.

వచ్చే సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇస్తున్నాం. బస్తీకి పదిమంది చొప్పున రండి. రాలేనివాళ్ళు కింద సంతకమో వేలిముద్రో వేసి పంపండి.

షేక్‌పేట, బోరబండ బస్తీవాసులు