పెద్దమనిషికీ ఒక లెక్క ఉండాలి

చెంగిచెర్లలో గెట్టు పంచాయితీ అంటే ఒకప్పుడు రెండు చెలకల నడుమ ఒడ్డు తెగిన ముచ్చట. నాగలి జానెడు పక్కకు జరిగితే పాలివాళ్లు గొడ్డళ్లు పట్టుకొనేవారు. ఊరి పెద్దలు నలుగురు వచ్చి, తాడు పట్టి కొలిపించి, హద్దురాయి పాతించి, ఇద్దరి చేతా ఒకే చెట్టు కింద కల్లు తాగించి ఇళ్లకు పంపేవారు. ఇప్పుడు ఆ ఒడ్లు లేవు. పొలాలు ప్లాట్లయినవి. గ్రామపంచాయతీ 2016లో బోడుప్పల్ పురపాలికలో కలిసిపోయింది. ఒక పక్క మాంస పరిశోధన సంస్థ, ఒక పక్క ఆర్టీసీ డిపో. ఉప్పల్, నాచారం కార్ఖానాల్లో పని చూసుకొని నల్లగొండ, వరంగల్లు, పాలమూరు జిల్లాల నుంచి వచ్చినవారు కాలనీలు కట్టుకున్నారు. గజం ధర పెరిగిన కొద్దీ గెట్టు తగాదా ధరా పెరిగింది. మారనిది ఒక్కటే. తగాదా వస్తే జనం ముందుగా పోయేది కోర్టుకు కాదు, ఠాణాకు కాదు, పెద్దమనిషి గడపకు.

ఇందులో తప్పేమీ లేదు. సివిలు దావా వేస్తే వాయిదా మీద వాయిదా పడి, తండ్రి వేసిన దావాలో తీర్పు కొడుకు వినవలసి వస్తున్నది. వకీలు ఫీజు, బస్సు చార్జీలు, పోయిన కూలి లెక్క వేస్తే గెలిచినవాడికీ మిగిలేది కాగితమే. అదే పెద్దల ముందయితే రెండు మూడు రాత్రుల్లో తేలుతుంది. ఇరుపక్షాల సంగతీ, వారి తాతల సంగతీ తెలిసినవారు కూర్చుంటారు గనుక అబద్ధం అంత తేలికగా చెల్లదు. రాజీ అయిన తర్వాత ఒకే బజారున నడవవలసినవారు గనుక మాట తూలకుండా చూసుకుంటారు. ఈ మేలును ఎవరూ కాదనరు.

అయితే పెద్దమనిషి కూడా మారాడు. స్థలాల బేరం కుదిర్చేవారే స్థలాల తగాదా తీర్చడానికీ కూర్చుంటున్నారు. ఒక పక్షం వారి కారులో దిగినవాడు రెండో పక్షానికి న్యాయం చెబుతాడంటే నమ్మేదెట్లా? పంచాయితీ మొదలు కాకముందే ఇరువైపులా డిపాజిట్ పెట్టించడం ఆనవాయితీ అయింది. మాట తప్పినవారి డిపాజిట్ పోతుందని షరతు. ఆ సొమ్ములో ఎంత తిరిగి వచ్చింది, ఎంత విందుకు పోయింది, ఎంత ఎవరి జేబులో పడింది అని అడిగే ధైర్యం ఎవరికి ఉంటుంది? అడిగినవాడి తగాదాకు మరోసారి పెద్దమనుషులు రారు.

ఆడవారి సంగతి మరీ అధ్వాన్నం. ఆస్తి పంపకం పంచాయితీలో ఆడబిడ్డను అరుగు మీద కూర్చోబెట్టేవారు అరుదు. ఆమె తరఫున భర్తో, మేనమామో మాట్లాడతాడు. పెళ్లికి కట్నం ఇచ్చాము, పసుపు కుంకుమ కింద ఇంత ఇస్తాము, వేలిముద్ర వెయ్యమంటారు. ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి 1985 సెప్టెంబర్ 5 నుంచే, అప్పటికి పెళ్లి కాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో కేంద్రం చేసిన సవరణతో ఆ హక్కు పెళ్లయిన కుమార్తెలకూ దక్కింది. అరుగు మీద కూర్చున్న నలుగురిలో ఈ సంగతి తెలిసినవారు ఎందరు? తెలిసీ చెప్పనివారు ఎందరు? వేలిముద్ర పడిన తెల్లకాగితం పట్టుకొని ఆ ఆడబిడ్డ ఏ ఇంటికి పోయి, ఎవరిని నిలదీయాలి?

పెద్దమనుషులు మధ్యవర్తుల సంఘాల్లో చేరాలా, పేరు నమోదు చేయించుకోవాలా అన్న చర్చను ఈ ప్రశ్న దగ్గరి నుంచే మొదలుపెట్టవలసి ఉంది. ఇది కేవలం పట్నపు వకీళ్ల ముచ్చట అనుకోరాదు. హైదరాబాదులో 2021 డిసెంబర్‌లో ప్రారంభమైన అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రం ముఖ్యంగా వ్యాపార సంస్థల పెద్ద వ్యవహారాలకు ఉద్దేశించినదే, నిజమే. కాని పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టం ఊరి తగాదాల వరకూ వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో రాష్ట్రపతి ఆమోదం పొందిన ఈ చట్టంలో ఇరుగుపొరుగు శాంతికి భంగం కలిగించే తగాదాలను ఇరుపక్షాల సమ్మతితో ముగ్గురు మధ్యవర్తుల ద్వారా తీర్చుకొనే పద్ధతిని ప్రత్యేకంగా రాశారు. స్థానికంగా మంచి పేరున్నవారు, నివాసుల సంఘాల ప్రతినిధులు, రాజీ కుదర్చడంలో అనుభవం ఉన్నవారు ఈ జాబితాలో ఉండవచ్చు. పెద్ద చదువు ఉండాలన్న నిబంధన లేదు. మహిళలకు ప్రాతినిధ్యం ఉండాలని కూడా అందులోనే ఉంది.

అదే చట్టం భారత మధ్యవర్తిత్వ మండలి ఏర్పాటుకు దారి వేసింది. మధ్యవర్తుల పేర్లు నమోదు చేయడం, వారి నడవడికి నియమాలు పెట్టడం దాని పని. నియమం తప్పినవారి నమోదును నిలిపివేసే, రద్దు చేసే అధికారమూ దానికే ఉంటుంది. మండలికి సంబంధించిన సెక్షన్లు 2023 అక్టోబర్ 9 నుంచి అమలులోకి వచ్చినవి. ఊరి తగాదాలకు సంబంధించిన 43, 44 సెక్షన్లు మాత్రం ఆనాటి నోటిఫికేషన్‌లో చేరలేదు. ముందు కావలసినదాన్ని వెనుక పెట్టడం సర్కారు వారికి కొత్త కాదు.

చేరవలసిందే. అయితే దేనిలో చేరుతున్నారో చూసుకొని చేరాలి. రెండువేలో, ఐదువేలో కడితే ఫొటో అతికించిన కార్డు, కారు అద్దానికి స్టిక్కరు, గోడకు తగిలించుకొనే సర్టిఫికెట్ ఇచ్చే సంఘాలు పట్నం చుట్టూ పుట్టగొడుగుల్లా లేచినవి. మూడు సింహాలను పోలిన బొమ్మ, పైన ఆలిండియా అనే మాట ఉంటే జనం జడుసుకుంటారు. ఆ కార్డు చూపి ఠాణాలో కుర్చీ వేయించుకొనేవారు కొందరయితే, కార్డు చూపి పంచాయితీ ఫీజు పెంచేవారు మరికొందరు. ఒక్క ప్రశ్న అడిగితే ఆ సంఘం బండారం బయటపడుతుంది. మీ సభ్యుడు తప్పు చేస్తే ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి, ఇప్పటి వరకు ఎవరినైనా తొలగించారా అని అడగాలి. జవాబు లేకపోతే అది సంఘం కాదు, కార్డుల దుకాణం.

సంఘంగా ఏర్పడినంత మాత్రాన న్యాయం వచ్చిపడదన్నదానికి మన రాష్ట్రంలోనే మరో నిదర్శనం ఉంది. నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల ప్రాంతాల్లో గ్రామాభివృద్ధి కమిటీలు గుడి కట్టించినవి, బడికి గోడ పెట్టించినవి ఉన్నాయి. అదే పేరుతో మాట వినని కుటుంబాలను ఊరంతా వెలివేసి, కిరాణా సరుకు ఇవ్వరాదని, పనికి పిలవరాదని హుకుం వేసినవీ ఉన్నాయి. దండుగ కట్టలేక కలెక్టరు ఆఫీసు ముందు కూర్చున్న కుటుంబాలను జనం చూశారు. దళితులపై, గిరిజనులపై ఇతరులు సాంఘిక బహిష్కరణ విధించడం 2016 జనవరి 26న అమలులోకి వచ్చిన సవరణతో అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమయింది. ఆ కమిటీలకు పెద్దలున్నారు, పద్దులున్నాయి, తీర్మానాల పుస్తకాలున్నాయి. వారిపై ఫిర్యాదు వినే పైవాడు లేడు. లోపమంతా అక్కడే ఉంది.

ముప్పై ఏండ్లుగా పంచాయితీలు చేస్తున్నాము, మాకు నేర్పేదెవరని కొందరు పెద్దలు అడుగుతారు. ఆ మాటలో పౌరుషం ఉంది గాని పస లేదు. కోర్టుల ద్వారా వచ్చే తగాదాలు చూసే మధ్యవర్తికి, అతడు ఎంత పేరున్న వకీలు అయినా, 40 గంటల శిక్షణ ఉండాలని సుప్రీంకోర్టు వేసిన మధ్యవర్తిత్వ కమిటీ నియమం పెట్టింది. అందులో ముందుగా నేర్పేది నోరు మూసుకొని వినడం. ఒక్కొక్క పక్షాన్నీ వేరుగా కూర్చోబెట్టి, వారు చాటుగా చెప్పినదాన్ని వారి అనుమతి లేకుండా రెండోవారి చెవిన వేయకుండా ఉండడం. తనకు ఇరుపక్షాల్లో ఎవరితోనైనా చుట్టరికం గాని, లావాదేవీ గాని ఉంటే మొదటే చెప్పడం. ఇక చివరిది, మన పెద్దలకు కష్టమైనది, తీర్పు చెప్పకపోవడం.

ఇది కొంచెం విడమరచి చెప్పవలసిన సంగతి. మన ఊళ్లలో పెద్దమనిషి అంటే తీర్పరి. నీది తప్పు, ఇంత దండుగ కట్టు అంటాడు. చట్టం చెప్పే మధ్యవర్తి తీర్పరి కాడు. ఒప్పందాన్ని ఎవరి మీదా రుద్దే అధికారం అతనికి లేదు. దారి చూపుతాడు, నడవవలసింది ఆ ఇద్దరే. ఇష్టం లేకపోతే లేచి వెళ్లిపోయే హక్కు ఏ పక్షానికైనా ఉంటుంది. మనవైపు పంచాయితీ నుంచి లేచి వెళ్లినవాడిని పొగరుబోతు అంటారు. అన్నదమ్ముల మధ్య గోడ తగాదాలో పెద్దలు చెప్పిన తీర్పుకు తలవూపి, ఇంటికి పోయి, నెల తిరగకముందే మళ్లీ గోడ పగలగొట్టిన ఉదంతాలు ప్రతి ఊరిలో ఉన్నాయి. తలవూపినది పెద్దల ముఖం చూసి, ఒప్పుకొని కాదు.

చెంగిచెర్లకు ఈ విషయం కొత్తగా చెప్పనక్కరలేదు. 2024 మార్చిలో హోలీ పండుగ వేళ పాటల చప్పుడు దగ్గర మొదలైన వివాదం రెండు వర్గాల ఘర్షణ దాకా పోయింది. దెబ్బలు, పోలీసు కేసులు, నాయకుల రాకపోకలు, పత్రికల్లో ఊరి పేరు. దెబ్బలు తగిలిన తర్వాత అది పోలీసుల, కోర్టుల పని. దాన్ని అరుగు మీద తేల్చుకోవడానికి వీలు లేదు, తేల్చుకోరాదు కూడా. కాని చప్పుడుకు, దెబ్బకు నడుమ కొంత సమయం ఉంటుంది. ఆ సమయంలో రెండు బస్తీలవారూ తమవాడే అని నమ్మి, లేచి పోయి పిలుచుకు రాగలిగిన మనుషులు ముగ్గురు ఉంటే మేలు. అటువంటివారు పండుగకు ముందే ఒక జాబితాలో ఉండాలి. గొడవ మొదలయ్యాక వెతికితే దొరికేది ఆ పక్షపు పెద్దలు, ఈ పక్షపు పెద్దలు మాత్రమే.

పంచాయితీకి రానివి కూడా ఉన్నవి. మానభంగం, పసిపిల్లలపై దుర్మార్గం, కట్నం చావు, దళితులపై అత్యాచారం వంటివాటిని డబ్బుతో మాఫీ చేయించబోయే పెద్దమనిషి మధ్యవర్తి కాడు, నేరాన్ని కప్పిపెట్టేవాడు. పేరు నమోదైన మధ్యవర్తి ఈ గీత దాటితే నమోదు పోతుందన్న భయం ఉంటుంది. ఈనాటి పెద్దమనిషికి ఆ భయం లేదు.

కాగితం సంగతి రైతులు, ప్లాట్ల యజమానులు శ్రద్ధగా గమనించాలి. సాదాబైనామాలతో ఈ జిల్లా ఎంత నష్టపోయిందో తెలియనివారు లేరు. 43, 44 సెక్షన్ల కింద ఊరి మధ్యవర్తుల ముందు కుదిరిన ఒప్పందం శాంతి కోసమే, దానికి కోర్టు డిక్రీ బలం లేదని చట్టమే చెబుతున్నది. స్థలం, పొలం పంపకాన్ని తెల్లకాగితం మీద రాసి ముడిచి పెట్టెలో పెడితే రేపు చిక్కు తప్పదు. రాజీ కుదిరిన తర్వాత అదే రాజీని జిల్లా లేదా మండల న్యాయ సేవా సంస్థ నడిపే లోక్ అదాలత్‌లో పెట్టించి అవార్డు తీసుకోవచ్చు. దావా వేయకముందు కూడా ఇందుకు వీలుంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆ అవార్డు సివిలు కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. అప్పీలు లేదు గనుకనే సంతకం పెట్టేముందు ఒకరి చేత చదివించుకోవాలి. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేసినా సలహా చెబుతారు.

పొరుగున శ్రీలంక ఈ పనిని ఎప్పుడో మొదలుపెట్టింది. 1988లో చట్టం చేసి మధ్యవర్తిత్వ మండళ్లు ఏర్పరచింది. బడిపంతుళ్లు, పింఛనుదారులు, ఊరిలో మంచి పేరున్నవారిని తీసుకొని, శిక్షణ ఇచ్చి, జీతం లేకుండా పని చేయిస్తున్నది. చిన్న విలువ తగాదాలు ముందుగా అక్కడికే పోవాలి. అక్కడి పల్లెలూ మన పల్లెల వంటివే, గెట్టు తగాదాలూ మన వంటివే.

మన రాష్ట్రంలోనూ న్యాయ సేవాధికార సంస్థ స్థానికుల నుంచి వాలంటీర్లను తీసుకొని మధ్యవర్తిత్వంలో శిక్షణ ఇప్పిస్తున్నది. ఈ శిక్షణను ఉప్పల్, బోడుప్పల్, చెంగిచెర్ల వైపు కూడా ఏర్పాటు చేయడం ఎంతైనా అవసరం. అదీ ఆదివారం పూట పెట్టాలి. కూలి పోగొట్టుకొని, రెండు బస్సులు మారి 40 గంటలు కూర్చొమ్మంటే వచ్చేది పని లేనివారే, వారికి పెద్దరికం కట్టబెట్టడం మంచిది కాదు. శిక్షణ పొందినవారి పేర్లు ప్రభుత్వ కార్యాలయాల గోడ మీద, రేషను దుకాణం ముందు తెలుగులోను, ఉర్దూలోను రాయించాలి. ముగ్గురు కూర్చున్న ప్రతిచోటా ఒకరు మహిళ అయి ఉండాలి. మహిళా సంఘాల్లో ఏండ్ల తరబడి అప్పుల లెక్కలు, ఇంటి తగవులు తీర్చిన ఆడవారికి ఈ పని కొత్త కాదు. వారిని ఎవరూ అడగలేదు, అంతే.

ఆ జాబితా కిందనే మరో వరుస ఉండాలి. ఈ మధ్యవర్తులలో ఎవరైనా సొమ్ము అడిగినా, పక్షపాతం చూపినా ఫిర్యాదు ఇవ్వవలసిన ఆఫీసు పేరు, ఫోను నంబరు అందులో రాయాలి. ఆ వరుస రాయడానికి ఒప్పుకొన్న పెద్దమనుషులనే ముందు చేర్చుకోవాలి.