రోబో సంగతి సరే, సర్జన్ల లెక్కలు బయటపెట్టండి!

పెద్దపేగు, పురీషనాళం క్యాన్సర్లకు రోబో ఆపరేషన్ వచ్చిందని హోర్డింగులు చాటుతున్నాయి. ఆ రోబోను నడిపే సర్జన్ ఇప్పటికి ఎన్ని ఆపరేషన్లు చేశారో, ఎందరికి పేగు అతుకు లీకయిందో, ఎందరికి జబ్బు తిరగబెట్టిందో ఏ హోర్డింగూ చెప్పదు. చిన్న కోతతో చేసే లాపరోస్కోపీ మంచిదా కాదా అన్న తగువు పెద్దపేగు విషయంలో ఏనాడో తేలింది. 2004లో వెలువడిన అమెరికా పరీక్షలో 872 మందిని చూస్తే, మూడేళ్లలో క్యాన్సర్ తిరగబెట్టింది లాపరోస్కోపీలో 16 శాతం మందికి, పొట్ట కోసిన పద్ధతిలో 18 శాతం మందికి. అయితే అందులో పాల్గొనాలంటే సర్జన్ అంతకుముందే కనీసం 20 లాపరోస్కోపీ పేగు ఆపరేషన్లు చేసి ఉండాలన్నది షరతు. బ్రిటన్‌లో జరిగిన క్లాసిక్ పరీక్షలో లాపరోస్కోపీతో మొదలుపెట్టి మధ్యలో పొట్ట కోయాల్సి వచ్చిన కేసులు మొదటి ఏడాది 38 శాతం, ఆరో ఏడాదికి 16 శాతం. డాక్టర్ల చేయి తిరిగేదాకా ఆ భారం మోసింది రోగులే.

నార్వేలో జరిగింది ఇంకా ఘోరం. మలద్వారం వైపు నుంచి గడ్డను తీసే టాటీఎంఈ పద్ధతిని అక్కడి ఆసుపత్రులు 2014లో అందుకున్నాయి. 157 మందికి చేశాక చూస్తే, రెండున్నరేళ్లలోపే ఆపరేషన్ చేసిన చోట క్యాన్సర్ తిరగబెట్టే అంచనా 11.6 శాతానికి చేరింది. జాతీయ రిజిస్టరులోని మిగతా రోగుల్లో అది 2.4 శాతమే. ఆ పద్ధతిని ఆపించేశారు. రిజిస్టరు ఉంది కాబట్టి పట్టుకోగలిగారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో జనం చూడగలిగే అలాంటి లెక్క ఎక్కడుంది? ఇక్కడ ఇదే జరిగితే శ్మశానాలకు తప్ప ఎవరికి తెలుస్తుంది? రోగిని చీకట్లో ఉంచి వేలూ లక్షలూ వసూలు చేయడాన్ని వైద్యం అనలేం.

రోబో మేలని చైనాలో జరిగిన పరీక్షే తేల్చింది కదా అంటారు. నిజమే, అందులో మూడేళ్లకు ఆపరేషన్ చేసిన చోట క్యాన్సర్ తిరగబెట్టింది రోబోతో 1.6 శాతం మందికి, లాపరోస్కోపీతో 4 శాతం మందికి. కానీ చేసినవాళ్లు రెండింటిలోనూ ఆరితేరినవాళ్లు. పది దేశాల్లో సాగి 2017లో వెలువడిన పరీక్షలో, మధ్యలో పొట్ట కోయాల్సి రావడంలో రోబోకు చెప్పుకోదగ్గ ఆధిక్యం కనబడలేదు. లెక్కలు అడిగితే సర్జన్లు కష్టమైన కేసులు వదిలేస్తారన్నది మరో సాకు. వయసు, జబ్బు దశ కలిపి లెక్కిస్తే సరిపోతుంది. ఇంగ్లండ్ 2013 నుంచే సర్జన్ల వారీగా ఫలితాలు ప్రకటించింది. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ పథకాలు ఈ లెక్కలు ఇవ్వని ఆసుపత్రి బిల్లు ఆపాలి. అందాకా, సంతకం పెట్టే ముందు మీరే అడగండి: ఈ ఆపరేషన్ ఎన్నిసార్లు చేశారు, ఎందరికి లీకయింది, ఎందరికి తిరగబెట్టింది? జవాబు కాగితం మీద రాసిమ్మనండి.