స్నేహితుల పార్టీకి వండితే డబ్బులు తీసుకోవచ్చా?

తీసుకోవచ్చనే నేనంటాను. తీసుకోవాలి కూడా అంటాను. ఈ మాట అంటే మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది మొహాలు ఎలా పెడతారో తెలుసు కాబట్టే కాస్త వివరంగా రాస్తున్నాను. తిట్టాలనుకునేవాళ్ళు మొత్తం చదివాక తిట్టండి.

నాది బొగ్గుల మీద కాల్చే వంట. 2020లో లాక్‌డౌన్ సడలించాక కూడా హోటళ్ళకి వెళ్ళాలంటే భయపడ్డాం కదా, ఆ రోజుల్లో పిల్లల పోరు పడలేక ఒక గ్రిల్ కొన్నాం. మేడ మీద పెట్టుకుని చికెన్, పనీర్, మొక్కజొన్న కంకులు కాల్చడం మొదలుపెట్టాను. మెల్లగా చెయ్యి తిరిగింది. పక్కింటివాళ్ళు రుచి చూశారు, వాళ్ళ చుట్టాలు చూశారు. ఇంకేముంది, పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, డిసెంబర్ 31. "మీ గ్రిల్ తెచ్చుకుని మీరే వచ్చెయ్యండి, మీ చేతి రుచి ఎవరికీ రాదు" అని పిలుపులు. హైదరాబాద్‌లో ఇప్పుడు మేడ మీద బార్బెక్యూ లేకపోతే పార్టీయే కాదన్నట్టుంది.

పాతికమందికి చెయ్యాలంటే పని ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది. లెగ్ పీసులు కడిగి, ఎముక దాకా గాట్లు పెట్టి, ముందు ఉప్పు, నిమ్మరసం, కారం పట్టించాలి. పెరుగు పల్చటి గుడ్డలో మూటకట్టి నీళ్ళు వారనివ్వాలి. లేకపోతే మసాలా అంతా జారి బొగ్గుల్లో పడుతుంది. తర్వాత అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, గరం మసాలా, కాస్త ఆవనూనె కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. మన ఫ్రిజ్‌లోనే సుమా. ఆ రాత్రికి ఇంట్లో పాలగిన్నెకి చోటుండదు. శాకాహారుల పనీర్, కాప్సికమ్ వేరే గిన్నెలో, వాటికి వేరే చువ్వలు, నూనె రాసే బ్రష్ కూడా వేరు. వాటిని చికెన్ కంటే ముందే కాల్చి తీసెయ్యాలి. ఆ నమ్మకంతోనే కదా వాళ్ళు తింటారు.

ఇక పార్టీ రోజు. బొగ్గులు అంటుకుని, మంట తగ్గి, పైన బూడిద రంగు పొర వచ్చేసరికి అరగంట పైనే. పిల్లలు "ఆంటీ అయిందా" అని నాలుగుసార్లు వస్తారు. తొందరపడి మంట మీద పెట్టామంటే పైన మాడుతుంది, ఎముక దగ్గర పచ్చిగా ఉంటుంది, రేపు ఎవరికైనా కడుపునొప్పి వస్తే మన పేరే చెబుతారు. నా గ్రిల్ మీద ఒక వాయికి ఎనిమిది పీసులు పడతాయి, వాయికి అరగంట. మనిషికి ఒక్కటే అనుకున్నా నాలుగు వాయిలు, అంటే రెండు గంటలు. రెండోది అడగనివాళ్ళని నేనింతవరకూ చూడలేదు.

బిర్యానీ చేసినావిడ దమ్ము పెట్టేసి, చీర మార్చుకుని, పూలు పెట్టుకుని వచ్చి కూర్చోవచ్చు. గ్రిల్ దగ్గరున్నావిడకి ఆ వీలు లేదు. జనం తింటున్నంతసేపూ పొగలో నిలబడాల్సిందే. కేక్ కోసినప్పుడు ఫోటోలో ఉండదు, పిల్లల డాన్సులు చూడదు. ఆఖరికి అందరూ వెళ్ళాక, చల్లారిపోయిన జల్లెడని ఇనప పీచుతో తోముతూ ఉంటుంది. దీన్ని అతిథి అంటారా? పేరుకి పిలుపు, చేసేది వంట కాంట్రాక్టు.

"సామాన్లన్నీ మేమే తెస్తున్నాం కదా" అంటారు. చికెన్, పనీర్, బొగ్గులు తెస్తే అయిపోయినట్టే వాళ్ళ లెక్క. అదే పార్టీకి బెలూన్లు కట్టినతనికి అడ్వాన్స్ ఇస్తారు, ఫోటోలు తీసినతనికి ఇస్తారు, కేక్‌కి అరకిలో తేడా వస్తే బేకరీ వాళ్ళతో పోట్లాడతారు. బెలూన్లతను స్నేహంగా వచ్చి కట్టిపోవాలని ఎవరూ అనుకోరు. వంట దగ్గరికి వచ్చేసరికి, అందులోనూ ఇంట్లో ఉండే ఆడదాని వంట దగ్గరికి వచ్చేసరికి, అది పని కాదు, ప్రేమ అయిపోతుంది. 2024లో కేంద్రప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. జీతం లేని పనే అదంతా. ఇంట్లోవాళ్ళకి చేసేదానికి నేను లెక్క అడగటం లేదు. కానీ ఆ అలవాటే వీధిలోకి కూడా నడిచొచ్చి, ఎదురింటివాళ్ళ పార్టీకి కూడా మన చెయ్యి ఉచితం అనిపించేలా చేసింది. గృహిణి పనికి విలువ కట్టాల్సిందేనని 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. దాని మీద ప్రత్యేకంగా రాసినది మన తెలుగాయన, జస్టిస్ ఎన్.వి. రమణ. మనిషి పోయాక పరిహారం కోసం కట్టే లెక్క అది. ఉన్నప్పుడు కడితే తప్పేంటో నాకర్థం కాదు.

పెద్దవాళ్ళు వెంటనే "అన్నం అమ్ముకుంటారా" అంటారు. డొక్కా సీతమ్మగారి పేరెత్తుతారు. ఆ తల్లికి దణ్ణం. కోనసీమలో లంకల గన్నవరంలో ఆకలితో గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి వేళాపాళా లేకుండా పెట్టింది. కానీ ఆకలిగొన్న బాటసారీ, పక్క బ్లాక్‌లోంచి ఫోన్ చేసి "ముప్ఫైమంది వస్తున్నారు, కారం కాస్త తగ్గించండి" అనేవాళ్ళూ ఒకటేనా? పైగా మనవాళ్ళకి అన్నం అమ్మడం కొత్తేమీ కాదు. పూటకూళ్ళ ఇళ్ళు ఊరూరా ఉండేవి. దిక్కులేని ఆడవాళ్ళు ఎందరో అలా వండిపెట్టి బతికారు. కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మని గుర్తు తెచ్చుకోండి. తిన్నవాళ్ళే ఆవిణ్ణి చులకనగా చూశారు. ఆ చులకన మనకి ఇంకా పోలేదు, అంతే.

మా అమ్మమ్మగారి ఊళ్ళో సంక్రాంతికి అరిసెలు ఎవరూ ఒక్కళ్ళే వండుకునేవాళ్ళు కాదు. పాకం పట్టేది ఒకావిడ, వత్తేది ఇద్దరు, నూనె పిండేది ఇంకొకరు. ఈరోజు మా ఇంట్లో, రేపు మీ ఇంట్లో. డబ్బు మాటే రాదు, కానీ లెక్క లేదనుకోకండి. ఫలానా ఆవిడ వండించుకుని మనింటికి రాలేదు అన్నది పదేళ్ళైనా మర్చిపోరు. చాకిరీకి చాకిరీ బదులు. అపార్ట్‌మెంట్‌లో ఆ బదులు ఎక్కడుంది? నేను ఆరిళ్ళకి గ్రిల్ మోసుకెళ్ళాను. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి అందరూ చక్కగా తయారై భోజనాల వేళకి వచ్చారు. వాళ్ళని తప్పు పట్టను, ఉద్యోగాలు, ట్రాఫిక్, పిల్లల పరీక్షలు. వాళ్ళకి టైమ్ లేదు, డబ్బుంది. ఉన్నదే ఇమ్మంటున్నాను. జాకెట్ ముక్కలు, స్టీలు డబ్బాలు మాత్రం వద్దు. మా అటక నిండిపోయింది.

మా పై ఫ్లోర్ అక్క మాత్రం ఒప్పుకోదు. "నీకు డబ్బులిచ్చాక రేపు అర్ధరాత్రి మీ అన్నయ్యగారికి ఒంట్లో బాగోకపోతే నీ తలుపు ఎలా కొట్టనే?" అంది. ఇది కొట్టిపారేసే మాట కాదు. డబ్బు చేతులు మారితే మాటలు కూడా కొంచెం మారతాయి. పోయిన నెల ఒకావిడ, డబ్బిచ్చింది కదా, పీసులు చిన్నవైపోయాయని నా మొహం మీదే అంది. చివుక్కుమంది. కానీ అంతకుముందు ఊరికే చేసినప్పుడు ఆవిడే ఆ మాట లిఫ్టులో ఇంకొకరితో అందని నాకు తెలుసు. మొహం మీద అనడమే నయం. ఇక తలుపు సంగతంటారా, ఒంట్లో బాగోకపోవడానికీ, పాతికమంది పార్టీకీ నేను ముడిపెట్టను. ఎవరింట్లోనైనా జబ్బు చేసినా, పోయినా, బాలింత ఉన్నా నా క్యారేజీ వెళుతుంది, దానికి ధర లేదు. నలుగురం కలిసి మేడ మీద కూర్చుని, తలా ఒక చువ్వ తిప్పుకుంటూ తింటే దానికీ లేదు.

ఇప్పుడు నా పద్ధతి చెప్తాను. ఎవరైనా అడగ్గానే, పిండి కొద్దీ రొట్టె అన్నట్టు తర్వాత చూద్దాంలే అని నసగకుండా, అప్పుడే వాట్సాప్‌లో పెడతాను. సామాన్లు మీవి, పాతికమంది దాకా 3000, ఆపైన మనిషికి ఇంత, సగం ముందు. అందులోంచి నాకు సాయానికొచ్చే వాచ్‌మన్ భార్యకి 700. తమాషా ఏంటంటే, ఆ పిల్లకి ఏమిస్తున్నారని మాత్రం అందరూ ముందే అడుగుతారు, ఆమెకి ఇవ్వకపోతే బాగోదని. ఈ మాట చెప్పడం మొదలుపెట్టాక రెండిళ్ళ వాళ్ళు పిలవడం మానేశారు. ఒకళ్ళు పలకరింపు కూడా తగ్గించారు. బాధగానే ఉంది, అబద్ధమెందుకు. మిగిలినవాళ్ళు మామూలుగానే ఉన్నారు, ఇద్దరైతే "హమ్మయ్య, ఇన్నాళ్ళూ అడగాలంటే మొహమాటంగా ఉండేది" అన్నారు. ఇది నెలనెలా సాగే వ్యాపారమైతే మాత్రం ఫుడ్ సేఫ్టీ వాళ్ళ దగ్గర ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, ఇంట్లో వండేవాళ్ళకి కూడా. నేను ఆ పనిలోనే ఉన్నాను.

వచ్చే నెలలో అక్క మనవడి మొదటి పుట్టినరోజు. అమెరికా నుంచి కొడుకూ కోడలూ వస్తున్నారు, మేడ మీద బార్బెక్యూ అని అప్పుడే అనుకుంటున్నారట. అక్క ఇంకా నన్నేమీ అడగలేదు. అడిగితే నేనూ ఒకటి అడుగుతాను: "పట్టుచీర కట్టుకుని రమ్మంటారా అక్కా, పాత నైటీ మీద ఏప్రన్ కట్టుకుని రమ్మంటారా?" మొదటిదైతే కానీ తీసుకోను, గ్రిల్ కూడా ఎవరినైనా తిప్పుకోమంటాను. రెండోదైతే 3000.